నలభై మూడో పేజీలో మొసలి

పులసలంక శాఖా గ్రంథాలయంలో "పాఠకుల అభిప్రాయాలు" అని అట్ట మీద రాసిన పుస్తకం ఒకటి ఉంది. దానికి దారం కట్టి, దారం చివర పెన్సిలు కట్టి, పెన్సిలు ఎవరూ పట్టుకుపోకుండా ఆ దారాన్ని మళ్ళీ బల్ల కాలికి కట్టారు. అభిప్రాయాలు ఎవరెత్తుకుపోయినా ఫర్వాలేదు గానీ పెన్సిలు పోకూడదన్నది అక్కడి వాళ్ళు మొదటినుంచీ పాటిస్తున్న పద్ధతి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ పుస్తకంలో రాసినవాడు ఒక్కడే, టైలర్ చిదంబరం. చదివినవాడు ఒక్కడూ లేడు. అందువల్ల ఇన్నాళ్ళూ అంతా హాయిగా జరిగిపోయింది.

చిదంబరం కొట్టు లైబ్రరీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మధ్యాహ్నం భోజనం కాగానే మెడలో టేపు తియ్యకుండానే రోడ్డు దాటి వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. చదివేది ఒక్కటే. ఎప్పుడో మూతబడిపోయిన "గిలక" అనే వారపత్రికలో వచ్చిన "ఏడు తలల మొసలి" బొమ్మల కథ. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట రిటైరైపోతున్న పోస్టుమాస్టరు ఒకాయన ఆ సంచికలు కలిపి కుట్టించిన తొమ్మిది బైండ్లు తెచ్చి లైబ్రరీకి ఇచ్చేశాడు. ఈ తొమ్మిదీ తప్ప "గిలక" ఇంకెక్కడా మిగిలినట్టు ఎవరికీ తెలీదు. ఆ పత్రికవాళ్ళకే తెలీదు. వాళ్ళెక్కడున్నారో కూడా తెలీదు.

ఈ కథ చిన్నప్పుడు వారం వారం చదివినవాడే చిదంబరం. కాజాలు కుట్టే పనిలో చేరిన కొత్తలో, లాంచీలో వచ్చే పత్రిక కోసం రేవులో కాపలా కాసేవాడు. ఒక్క వారం మాత్రం గోదారికి వరదొచ్చి లాంచీ రాలేదు. కర్మ కాకపోతే ఏవిటి, మొసలి ఏడు తలలూ ఒక్కసారి నీళ్ళలోంచి పైకి లేపే పెద్ద బొమ్మ ఆ వారమే పడింది. ఆ బొమ్మ చూడ్డానికి ఆయన ఏళ్ళ తరబడి ఆగాడు. పోస్టుమాస్టరు ఇచ్చిన బైండ్లు లైబ్రరీ బీరువాలోకి ఎక్కిన రోజున చేతిలో ఉన్న పెళ్ళివారి జాకెట్టు అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చి, అయిదో బైండు నలభై మూడో పేజీ తిప్పి, వేలు పెట్టి లెక్కపెట్టాడు.

ఆరు తలలే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరే. ఆ మంటలోనే దారానికి వేలాడుతున్న పెన్సిలు లాక్కుని అభిప్రాయాల పుస్తకంలో మొదటి అభిప్రాయం రాశాడు. "అయ్యా, ఏడు తలలని పేరు పెట్టి ఆరు తలలు వెయ్యడం పాఠకుణ్ణి మోసం చెయ్యడం కాదా? ఈ బొమ్మలాయన ఎప్పుడూ కింద చిన్న గాలిపటం గుర్తు వేస్తాడు, పేరు వెయ్యడు. ఈ పేజీలో ఆ గాలిపటం కూడా లేదు. అంటే తప్పు చేశానని ఆయనకీ తెలుసు. పోయిన తల విషయమై వెంటనే తగు చర్య తీసుకోవాలి."

అదిగో, అక్కణ్ణుంచి మొదలైంది. ఆ ఒక్క తల మీద చిదంబరం ఒక చరిత్రే నిర్మించాడు. ఆయన లెక్కలో లోకంలోని బొమ్మల కథలన్నీ రెండు యుగాలు. తలకి ముందు యుగం, తల తర్వాత యుగం. తలకి ముందు బొమ్మలాయనకి భయమూ భక్తీ ఉండేవి, తల తర్వాత చేతివాటం మొదలైంది. కొలతలిచ్చుకోడానికి వచ్చినవాళ్ళకి కూడా ఈ సంగతి చెప్పేవాడు. టేపు నడుం చుట్టూ ఉండగా వాళ్ళు కదలడానికి వీల్లేదు కదా, వినేవారు.

మిగతా అభిప్రాయాలన్నీ ఆ వరసలోవే. "రెక్కల గుర్రం మీద ఏడు సముద్రాలు దాటే రాజకుమారుడు అన్నం మూట పట్టుకెళ్ళడేం?" "మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందంటే ఒప్పుకుంటాను. ఆయన పన్నెండేళ్ళు తపస్సులో ఉన్నప్పుడు ఆ చిలకకి జాంపళ్ళు ఎవరు పెట్టారు?" "రాజకుమారి ముప్ఫై ఎనిమిది వారాలు చెరలో ఉండి ఒకే చీరతో బయటికొచ్చింది. మడత నలగలేదు. అది ఏ మిల్లు గుడ్డో తెలియజేయగలరు." "వీరులందరికీ వీపు వెనక గుడ్డ వేలాడుతూ ఉంటుంది. శౌర్యం కోసం అనుకుంటారు. కాదు. చొక్కా వీపు బొమ్మ వెయ్యడం రాక దాచుకోడానికి." ఇలా నాలుగు వందల పన్నెండు.

లైబ్రేరియన్ రత్నావళి ఆ ఊరికి బదిలీ అయి వచ్చి ఆరేళ్ళయింది. ఆమె ఆ పుస్తకాన్ని రోజూ తుడిచి పెట్టేది. తెరిచి చూడలేదు. అభిప్రాయాల పుస్తకం తెరవాలని రూలేం లేదు. ఉండాలని మాత్రమే ఉంది.

ఇంతలో జిల్లాకి సంతృప్తి వచ్చింది.

అంటే ఏం లేదు. ప్రజల్లో ఎంతమందికి తృప్తిగా ఉందో రోజూ లెక్కకట్టి, ఆ శాతాన్ని జిల్లా ఆఫీసు గోడ మీద వెలిగే అంకెల్లో చూపించాలని పైవాళ్ళకి తోచింది. ప్రతి అర్జీ పదిహేను రోజుల్లో మూసెయ్యాలి. మూసేశాక అర్జీదారుడు "సంతృప్తి" అన్న గడిలో టిక్కు పెట్టాలి. ఈ పని చూడ్డానికి సంతృప్తి అధికారి అని ఒక కొత్త ఉద్యోగం సృష్టించి అమృతేశ్వరరావు గారిని వేశారు. ఆయన ఇస్త్రీ మడత చెదరని మనిషి. మూడు రోజుల శిక్షణ పొంది వచ్చాడు. ఎక్కడ ఏ కాగితం మీద ఏ మనిషి ఏం రాసినా అది అర్జీయే అని ఆ మూడు రోజులూ నేర్పారట.

ఒక సోమవారం ఆయన పులసలంక లైబ్రరీకి తనిఖీకి వచ్చి, రత్నావళి వేసిన కుర్చీలో కూర్చుని, మజ్జిగ తాగి, ఏమీ తోచక చెయ్యి చాపి, అభిప్రాయాల పుస్తకం తెరిచాడు.

"మేడమ్," అన్నాడు కాసేపటికి. "ఈ గ్రంథాలయ పరిధిలో నాలుగు వందల పన్నెండు అర్జీలు అపరిష్కృతంగా ఉన్నాయి. మొట్టమొదటిది ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా పెండింగు!"

"అవి అర్జీలు కావండి. అభిప్రాయాలండి," అంది రత్నావళి.

"తగు చర్య తీసుకోవాలి అని రాశాడా లేదా?"

"రాశారండి."

"అయితే అర్జీయే." జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "జిల్లా శాతం ఎందుకు పెరగడం లేదా అని నేను నిద్ర మానేసి ఆలోచిస్తున్నానమ్మా. కారణం ఈ మొసలి అన్నమాట."

మర్నాడే చిదంబరానికి తాఖీదు వచ్చింది. "విషయం: మొసలి తల కనబడకుండుట గురించి" అని పైన రాసి ఉంది. చిదంబరం అది చదివి పొంగిపోయాడు. పొంగడా మరి! ముప్ఫై ఒక్క ఏళ్ళకి ప్రభుత్వం కదిలింది. భార్య మాణిక్యానికి చదివి వినిపించాడు.

"పోయిన తలకోసం వెళ్ళి ఉన్న తల పోగొట్టుకుని రాకండి," అంది మాణిక్యం, కుడుతున్న కాజా ఆపకుండానే.

లైబ్రరీలోనే విచారణ పెట్టారు. బల్లకి అటు అమృతేశ్వరరావు, ఇటు చిదంబరం. పక్కన రత్నావళి, ఆమె ముందు అయిదో బైండు.

"తమరు పేర్కొన్న తల ఏ తేదీ నుంచి కనబడుట లేదు?"

"డెబ్బై నాలుగు ఆగస్టు నుంచండి."

"వెంటనే ఎందుకు తెలియపరచలేదు?"

"అప్పటికి నాకు పధ్నాలుగేళ్ళండి. కాజాలు కుడుతున్నానండి. పైగా వరదండి."

"జాప్యానికి కారణం, కాజాలు మరియు వరద," అని రాసుకున్నాడు. "తలని ఆఖరుసారిగా చూసిన సాక్షులు ఎవరైనా ఉన్నారా?"

"ముందు వారం సంచికలో ఏడూ ఉన్నాయండి. అయితే అన్నీ నీళ్ళలో ఉన్నాయండి. బుడగలు మాత్రం ఏడు చోట్ల వచ్చాయండి."

"బుడగలు ఏడు," అని అది కూడా రాసుకున్నాడు. "ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"ఇంకెవరండి! ఆ గాలిపటం గుర్తాయనే. అప్పటిదాకా ఎంతో నిబ్బరంగా వేసిన చెయ్యండి. తలకి ముందు ఆయన వేసిన రాజుగారి అంగీ చూస్తే, చంకలో కుట్టు ఎక్కడొస్తుందో కూడా తెలిసి వేశాడని దణ్ణం పెట్టాలనిపిస్తుందండి. అలాంటి మనిషి తల ఎగ్గొట్టాడంటే, ఇంక మన బొమ్మల కథలు ఏం బాగుపడతాయండి?"

అమృతేశ్వరరావు కలం మూశాడు. "ప్రభుత్వం మీ బాధని గుర్తించింది. సంబంధిత శాఖలన్నిటికీ రాస్తాం."

ఆయన అన్నంత పనీ చేశాడు. మొసలి గురించి అటవీవాళ్ళకి, నీళ్ళలో ఉంది కాబట్టి చేపలవాళ్ళకి, గాలిలో తేలే మాంత్రికుడి కోట గురించి రెవిన్యూవాళ్ళకి, ముప్ఫై ఎనిమిది వారాలు చెరలో ఉన్న రాజకుమారి గురించి పోలీసువాళ్ళకి, చిలక మేత గురించి పశువైద్యులకి కాగితాలు వెళ్ళాయి. ప్రతి కాగితానికీ గడువు పెట్టేసరికి జవాబులు కూడా చకచకా వచ్చేశాయి. రత్నావళి అవన్నీ పట్టుకుని రోడ్డు దాటి కొట్టుకి వచ్చింది.

"వినండి బాబాయ్ గారూ. ఇది అడవివాళ్ళది. 'మా పరిధిలో ఏడు తలల మొసలి లేదు. విచారించగా ఆరు తలల మొసలి కూడా లేదు. ఒక తల మొసలి ఒకటి ఉండెడిది. గత ఏడాదిగా అదియు కనబడుట లేదు. తమకు కనిపించినచో మాకు తెలియజేయగలరు.'"

"అయ్యో పాపం," అన్నాడు చిదంబరం.

"చేపలవాళ్ళు మొసలి చేప కాదని రాసి, అందుకు సాక్ష్యంగా ఒక చేప బొమ్మ జతచేశారు. రెవిన్యూవాళ్ళేమో, 'గాలిలో తేలుచున్న కోటకు సర్వే నంబరు లేదు. కోట నేలకు దిగిన పిమ్మట అర్జీదారుడు హద్దులు చూపినచో కొలవబడును' అన్నారు. పోలీసువాళ్ళు రాజకుమారి ఇల్లు చేరింది కాబట్టి కేసు లేదన్నారు. గుర్రానికి మాత్రం వెనక నంబరు ప్లేటు లేదని ఎత్తి చూపారు."

"మరి చిలకో?"

"చిలకకి టీకాలు వేయించాలట. తీసుకురమ్మన్నారు."

చిదంబరం నవ్వబోయి, రత్నావళి మొహం చూసి ఆగిపోయాడు. ఆమె చేతిలో ఇంకో కాగితం ఉంది. అది చదవడం లేదు.

"అదేవిటమ్మా?"

"మిమ్మల్నే అడుగుదామని తెచ్చాను బాబాయ్ గారూ. ఏ శాఖవల్లా తల దొరకలేదు కాబట్టి అర్జీ తీరే దారి లేదట. తీరని అర్జీకి శిక్షణలో ఒక ఉపాయం చెప్పారట. 'మూలకారణ నిర్మూలన' అంటారట. ఏ పుస్తకాలవల్ల మీకు అసంతృప్తి కలుగుతోందో వాటిని తొలగించేస్తే, అసంతృప్తికి ఆధారం ఉండదు. తొమ్మిది బైండ్లూ శుక్రవారం నాలుగు గంటలకి లారీ ఎక్కించి కాగితం మిల్లుకి పంపెయ్యమని ఆర్డరు."

కుట్టుమిషను ఆగిపోయింది.

"నా వల్లా?" అన్నాడు. "అమ్మా, నేను తిట్టింది ప్రేమ కొద్దీ కదమ్మా. రోజూ వెళ్ళి చదువుతున్నది చూస్తూనే ఉన్నావు కదా. ఇష్టం లేనివాడు ముప్ఫై ఏళ్ళు తిడతాడా?"

"నాకు తెలుసండి. దాన్ని రాయడానికి కాగితంలో గడి లేదు."

ఆయన అప్పటికప్పుడు చెప్పులు కూడా వేసుకోకుండా బస్సెక్కి జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. గోడ మీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. వాటి కిందనే అమృతేశ్వరరావు కూర్చుని ఉన్నాడు.

"అర్జీ వెనక్కి తీసుకుంటానండి," అన్నాడు చిదంబరం చేతులు జోడించి. "తల లేకపోయినా ఫర్వాలేదండి. ఆరు తలలు చాలండి. అసలు మొసలికి ఒకటే ఎక్కువండి."

"ఇప్పుడు తమరు సంతృప్తిగా ఉన్నారా?"

"ఎలా ఉంటానండి! పుస్తకాలు మిల్లుకి పంపేస్తానంటే!"

"అసంతృప్తితో ఉన్న అర్జీదారుడు అర్జీ ఉపసంహరించుకోరాదు. ఒత్తిడికి లొంగి తీసుకున్నట్టవుతుంది. మేము ప్రజల పక్షం." ఆయన మొహంలో నిజంగానే జాలి కనపడింది. "చూడండి చిదంబరం గారూ. నాకేం ఆ మొసలితో పగ లేదు. నలభై మూడో పేజీలో తలలు ఏడు ఉన్నట్టు కళ్ళారా చూపించండి. అక్కడికక్కడే మూసేస్తాను. శుక్రవారం నాలుగింటికి నేనే వస్తున్నాను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో చిదంబరానికి ఏడుపొచ్చినంత పనైంది. ఎవరో తెలీని బొమ్మలాయన్ని ముప్ఫై ఏళ్ళు నానా మాటలూ అన్నాడు. ఆ మాటలే పోగుపడి లారీ ఎక్కి వస్తున్నాయి. ఇంటికొచ్చి మాణిక్యానికి చెప్పాడు. ఆవిడ గుడ్డముక్కల సంచీ తెచ్చి ఆయన ఒళ్ళో కుమ్మరించింది.

"ఇన్నాళ్ళూ ఎవరెవరి జాకెట్లకో చేతులతికారు. ఓ మొసలికి తల అతకలేరా?"

శుక్రవారం మధ్యాహ్నం, లైబ్రరీకి భోజనాల విరామంలో, చిదంబరం ఆకుపచ్చ శాటిన్ ముక్కని మొసలి తలలా కోరలతో సహా కత్తిరించుకుని వెళ్ళాడు. రత్నావళి ఆయన చేతిలో సూదీ దారం చూసింది.

"గ్రంథాలయ పుస్తకానికి సూది గుచ్చడం నేరం బాబాయ్ గారూ," అంది. తరవాత టిఫిన్ బాక్సు పట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. "నేను పప్పన్నం తింటున్నాను. నాకేమీ కనపడటం లేదు."

అయిదో బైండు తెరిచాడు. తల ఎక్కడ కుట్టాలి? ఏ పనికైనా ముందు కొలత. మెడలో టేపు తీసి తలకీ తలకీ మధ్య దూరం కొలిచాడు. రెండున్నర అంగుళాలు. పక్కదానికీ రెండున్నర. ఎడమవైపు నుంచి చుట్టూ తిరిగి వస్తున్నకొద్దీ ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చేతివాటంగా వేసిన బొమ్మ కాదిది. గీటు గీసి వేసినట్టుంది. ఆరో తల నుంచి రెండున్నర అంగుళాలు కొలిస్తే టేపు చివర కుడివైపు కింది మూలకి వచ్చి ఆగింది. అక్కడ లైబ్రరీవాళ్ళ లేబులు ఉంది.

ఆ లేబులు సంగతి చెప్పాలి. మొదటి పేజీ చింపేసి పుస్తకం కాజేసే మహానుభావులు ఉంటారు కాబట్టి, ప్రతి పుస్తకంలోనూ నలభై మూడో పేజీ కుడి కింది మూల గ్రంథాలయ సంస్థ నంబరు వేసిన కాగితం ముక్క ఒకటి అతికిస్తారు. ఎక్కడున్నా ఇది మాది అని చెప్పడానికి. "ఈ లేబులును ముట్టరాదు" అని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. చిదంబరం బుద్ధిమంతుడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో దాన్ని ముట్టుకోలేదు. దాని వెనక ఉత్త నీళ్ళే ఉన్నాయనుకున్నాడు.

సూది మొనతో మెల్లిగా అంచు కదిపాడు. ఎన్నేళ్ళనాటి జిగురో, ఎండిపోయి పొడిపొడిగా రాలింది. లేబులు పెంకులా లేచి వచ్చింది.

కింద ఏడో తల ఉంది.

మిగిలిన ఆరు తలలూ కోపంగా నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఇది మాత్రం నవ్వుతోంది. దాని పళ్ళ మధ్య ఒక దారం, దారం చివర చిన్న గాలిపటం. బొమ్మలాయన సంతకం పెట్టింది అక్కడే.

"అమ్మా రత్నావళీ," అన్నాడు చిదంబరం.

ఆమె పప్పన్నం వదిలేసి వచ్చి చూసింది. చిదంబరానికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంత శ్రద్ధగా, ఇంత సరదాగా వేసిన మనిషినా తాను మోసగాడన్నది? తలకి ముందు యుగం లేదు, తల తర్వాత యుగం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ చరిత్ర మొత్తం జిగురు పెట్టి అతికించిన ఒక కాగితం ముక్క.

నాలుగింటికి లారీ వచ్చింది. వెనకే అమృతేశ్వరరావు జీపు. ఆయన వేలు పెట్టి తలలు లెక్కపెట్టాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. "ఏడు," అన్నాడు. "సంతోషం. తల గ్రంథాలయ ఆవరణలోనే లభ్యమైనట్టు నమోదు చేస్తాను." అంతలో బల్ల మీద ఉన్న లేబులు చూశాడు. "ఇదేవిటి?"

"దాని మీద ఉన్న లేబులండి," అంది రత్నావళి.

"లేబులు లేని పుస్తకం గ్రంథాలయానిది కాదు కదమ్మా! గ్రంథాలయానిది కాని పుస్తకం గ్రంథాలయంలో ఉండరాదు. లారీ ఎక్కించాలి."

"అయితే లేబులు మళ్ళీ అతికిస్తానండి."

"అతికిస్తే తలలు ఆరు. అర్జీ తెరుచుకుంటుంది. లారీ ఎక్కించాలి."

"ఇంకో చోట అతికిస్తేనోండి?"

"నలభై మూడో పేజీ, కుడివైపు, కింది మూల. స్పష్టంగా ఉంది." ఆయనకి కూడా చెమట పడుతోంది. "నేను మాత్రం ఏం చెయ్యను? లేబులు ఉండాలి, తలా ఉండాలి. రెండూ ఒకే చోట ఉండాలి. ఇది మనుషులవల్ల అయ్యే పని కాదు."

లారీ డ్రైవరు హారను కొట్టాడు. చిదంబరం బైండు వంక చూశాడు, లేబులు వంక చూశాడు. ఆయన మొహం కొంచెం కొంచెంగా విచ్చుకుంది.

"ఓరి నాయనో," అన్నాడు. "సార్, ఒక్క పది నిమిషాలు ఆగండి. ఇది జాకెట్టే కదండీ!"

రోడ్డు దాటి వెళ్ళి హుక్కుల డబ్బా పట్టుకుని వచ్చాడు. లేబులు వెనక సన్నటి లైనింగు గుడ్డ వేశాడు. ఎడమ అంచుని నాలుగు కుట్లతో పేజీకి పట్టేశాడు, తలుపు బందులా. కుడి అంచున ఒక హుక్కు, పేజీ మీద దారంతో ఒక కాజా. హుక్కు పెడితే లేబులు ఉంది, నంబరు ఉంది, పుస్తకం గ్రంథాలయానిది. హుక్కు తీస్తే తలుపు తెరుచుకుని ఏడో తల నవ్వుతుంది.

అమృతేశ్వరరావు హుక్కు తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు. నాలుగోసారి తీసేటప్పుడు ఆయన నవ్వు ఆపుకోవడం రత్నావళి చూసింది.

"లేబులును ముట్టరాదు అని ఉందండి," అందామె ఉండబట్టలేక.

"హుక్కును ముట్టరాదని లేదు," అన్నాడాయన. "మరి మిగతా నాలుగు వందల పదకొండు అర్జీల మాటేవిటి?"

"అవన్నీ ఆ తల మీద కోపంతో రాసినవేనండి," అన్నాడు చిదంబరం. "తల దొరికాక ఇంకేం మిగల్లేదండి. అన్నీ మూసెయ్యండి."

లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం జిల్లా శాతం ఒక్కసారిగా పెరిగి, గోడ మీద అంకెలు ఆకుపచ్చరంగులోకి మారాయట. అమృతేశ్వరరావుకి పైనుంచి మెచ్చుకోలు వచ్చిందట.

అంతా సర్దుకుంది అనుకుంటున్నారా? చిదంబరానికి మాత్రం ముద్ద దిగలేదు. శనివారం మధ్యాహ్నం వెళ్ళి దారానికి వేలాడే పెన్సిలు తీసుకుని, కొత్త పేజీలో రాశాడు. "గాలిపటం గుర్తాయన గారికి. అయ్యా, మీరు ఏడూ వేశారు. నేనే సరిగ్గా చూడలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మిమ్మల్ని అనరాని మాటలన్నాను. మీరెక్కడున్నారో, అసలున్నారో లేదో తెలీదు. దయచేసి నన్ను క్షమించండి. టైలర్ చిదంబరం."

ఆ పుస్తకాన్ని ఇప్పుడు వారం వారం జిల్లా ఆఫీసువాళ్ళు చదువుతున్నారు కదా. సోమవారానికల్లా తాఖీదు వచ్చింది. "అర్జీ నంబరు 413. విషయం: క్షమాపణ మంజూరు గురించి. గాలిపటం గుర్తు గల చిత్రకారుడు గారు ఎక్కడ ఉన్నప్పటికీ పదిహేను రోజుల్లోగా పులసలంక శాఖా గ్రంథాలయంలో విచారణకు స్వయంగా హాజరై అర్జీదారుని క్షమించవలెను, లేదా అభ్యంతరములు తెలుపవలెను." ఆయన చిరునామా తెలీదు కాబట్టి అదే కాగితం ప్రతులు లైబ్రరీ తలుపుకీ అతికించారు, రేవు దగ్గర కరెంటు స్తంభానికీ అతికించారు.

"క్షమించమని కూడా తాఖీదేవిటండీ, హవ్వ!" అని మాణిక్యం బుగ్గలు నొక్కుకుంది. అయినా విచారణ రోజున ఆయన తెల్లచొక్కా ఆవిడే ఇస్త్రీ చేసి ఇచ్చింది.

విచారణకి రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. ఒకదాని మీద "అర్జీదారుడు" అని, రెండోదాని మీద "చిత్రకారుడు" అని చీటీలు అంటించారు. బల్ల మీద అయిదో బైండు ఉంది. అమృతేశ్వరరావు గడియారం చూసి, గుమ్మంలోకి వెళ్ళి "గాలిపటం గుర్తు గల చిత్రకారుడు గారూ!" అని మూడుసార్లు పిలిచాడు. రోడ్డు మీద పోతున్న రిక్షా ఒకటి ఆగి, మళ్ళీ వెళ్ళిపోయింది.

ఎవరూ రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంది.

చిదంబరం లేచాడు. బైండు తెరిచి, నలభై మూడో పేజీ తిప్పి, హుక్కు తీసి, ఏడో తల ఆ కుర్చీవైపు తిరిగేలా పెట్టాడు. మెడలో టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ కుర్చీకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, "తప్పైపోయిందండి," అన్నాడు. రత్నావళి కిటికీ వంక చూస్తూ కళ్ళు తుడుచుకుంది.

అమృతేశ్వరరావు కలం తీశాడు. ఈ సందర్భానికి ఆయనకి శిక్షణ లేదు. కుర్చీ వంక చూశాడు, నవ్వుతున్న తల వంక చూశాడు. రాస్తున్నదే పైకి చదివాడు.

"ఉభయపక్షములూ హాజరు. అర్జీదారుడు క్షమాపణ వేడుకొనినాడు. చిత్రకారుడు గారు తమ అభ్యంతరములేవియు తెలుపనందున, పైగా చిరునవ్వుతో ఉన్నందున, క్షమించినట్టు భావించడమైనది."

తరవాత కాగితం చిదంబరం ముందుకి తోశాడు. చిదంబరం దారానికి వేలాడుతున్న పెన్సిలు అందుకుని, "సంతృప్తి" అన్న గడిలో, గడి దాటిపోయేంత పెద్దగా టిక్కు పెట్టాడు.